గుడ్డకు అంటని నలుపు

మొన్న మా కోడలు ఫోనులో ఏదో చూసి, గిన్నె అడుగున వెండిరంగు కాగితం పరిచి, సోడా ఉప్పు కలిపిన మరిగే నీళ్ళు పోసి, మనవరాలి పట్టీలు అందులో వేసింది. రుద్దింది లేదు, తోమింది లేదు. కాసేపటికి చెంచాతో పైకి తీస్తే పట్టీలు అంగడిలోంచి అప్పుడే తెచ్చినట్టు తెల్లగా ఉన్నాయి. "చూశారా అత్తమ్మా, చెయ్యి నొప్పి లేకుండా!" అంది. గిన్నెలోంచి మురిగిన కోడిగుడ్డు వాసన. నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "మరి నలుపు ఏమైందమ్మా?" అని అడిగాను. "పోయింది కదా" అంది. పోయింది సరే, దేనికి అంటింది? ఆ పిల్లకు నా ప్రశ్న అర్థం కాలేదు. వెండి తెల్లగా కనబడితే సంబరపడే గుణం నాకు చిన్నప్పుడే పోయింది. ఎలా పోయిందో చెబుతాను.

మా ఊళ్ళో వాన గురించి చుట్టం గురించి మాట్లాడినట్టు మాట్లాడేవాళ్ళు. పోయినేడు వచ్చి నిలబడకుండానే పోయిందని, ఈసారి పక్కూరి దాకా వచ్చి మన మొగం చూడకుండా తిరుక్కుందని. వస్తే ఏడాదంతా చెనక్కాయలు, రాకపోతే సంగటి కూడా లెక్కగా. ఆ ఊళ్ళో, మట్టి మిద్దె ఇంట్లో మేం నలుగురం. నాయన, అమ్మ, నేను, మా జేజి. నాయన తల్లిని మేం జేజి అంటాం. జేజి కళ్ళకు పొరలు కమ్మి, మనుషులు ఆమెకు మసక నీడల్లాగా కనబడేవాళ్ళు. చెవులు మాత్రం పాముచెవులు. నేను ఉట్టి మీది బెల్లం చట్టిలో చెయ్యి పెడితే చాలు, పడసాలలో కూర్చున్న మనిషి, "చీమలు గూడా నీకన్నా మేలే, అవి అడిగి తింటాయి" అనేది. చీమలు ఎప్పుడు అడిగాయో ఆమెకే తెలియాలి.

మా ఇంట్లో వెండి అంటే అమ్మ కాళ్ళ గొలుసులే. జేజి కాళ్ళ నుంచి అమ్మ కాళ్ళకు వచ్చినవి. బరువైనవి, లంకె మీద లంకె వేసి అల్లినట్టుండేవి. అమ్మ నీళ్ళ బిందెతో వస్తుంటే మనిషి కన్నా ముందు ఆ చప్పుడు ఇంట్లోకి వచ్చేది. నా తర్వాత నీ కాళ్ళకే అని అమ్మ నాకు చెప్పి ఉండింది.

గురువారం సాయంత్రం ఇల్లంతా శుక్రవారానికి సిద్ధమయ్యేది. ఇత్తడి దీపాలకు చింతపండు, వెండికి కుంకుడుకాయ. ఈ రెండూ కలిపితే జేజి చెయ్యి నా వీపు మీద పడేది. గొలుసులు కడగడం నా పని. పొద్దున నానబెట్టిన కుంకుళ్ళు చితక్కొట్టి, గిన్నెలో నురగ లేపి, ముందు ఆ నురగతో ఆడుకునేదాన్ని. బొప్పాయి కాడ పెట్టి ఊదితే బుడగలు లేచి దడి దాటి పోయేవి. ఒక్కోసారి నురగ గొంతులోకి పోయి, చేదుకు కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. అయినా మళ్ళీ ఊదేదాన్ని. అప్పుడు గొలుసులు నానేసి, లంకెల సందుల్లో కొబ్బరిపీచుతో తోమి, చివర్లో జేజి పెట్టెలోని విభూతి అద్ది, నాయన పాత పంచె గుడ్డతో రుద్దేదాన్ని. విభూతి కొంచెం నోట్లోకి కూడా పోయేది. ఆ కమ్మటి మట్టి రుచి ఇప్పటికీ నాలుక మీదుంది. కడిగిన నీళ్ళు పారబోస్తే ఇంట్లో పెద్ద గొడవ. అవి కరివేపాకు చెట్టుకు పోవాలి.

రుద్దుతుంటే గుడ్డ నల్లబడేది. ఆ గుడ్డే మా జేజికి పంచాంగం.

"వెండి అబద్ధం చెప్పదు పాపా. ఒంట్లో ఉడుకుంటే దాన్ని గుంజుకోని నల్లబడతాది. మనిషి సల్లగుంటే తెల్లగుంటాది. ఏదీ, గుడ్డ ఎట్లుండాది చెప్పు."

"బూడిద మాదిరుండాది జేజీ."

"అయితే ఈ వారం బాగుండాది."

ఆ ఊళ్ళో ఇది అందరికీ తెలిసిన విషయమే. కాన్పైన ఆడమనిషి కాళ్ళ గొలుసులు చూసి ఒళ్ళు ఆరిందో లేదో చెప్పేవాళ్ళు. పసిబిడ్డ మొలతాడు వెండిబిళ్ళ నల్లబడితే దిష్టి తీసేవాళ్ళు. జేజికి కళ్ళు లేవు కాబట్టి మా ఇంట్లో ఆమె కళ్ళు నేనే. నేను చెప్పిందే చెల్లుబాటు. ఆ వయసులో ఎవరైనా మన మాట అంత శ్రద్ధగా వింటే ఎంత గర్వంగా ఉంటుందో చెప్పలేను.

ఆ యేడు వాన బొత్తిగా రాలేదు. చెరువు అడుగున మట్టి పెంకుల్లాగా లేచింది. అమ్మ కరువు పనికి పోయేది. రోడ్డు కోసం రాళ్ళు కొట్టడం, తట్టలు మోయడం. ఇంటికొచ్చేసరికి కనుబొమల దాకా ఎర్రటి దుమ్ము. దగ్గు మొదలైంది. తర్వాత సాయంత్రమయితే జ్వరం. రాత్రి సంగటి ముద్ద చేసి, ఊరిబిండి నూరి మాకు పెట్టి, తను ముద్దలో సగం తుంచి నా పళ్ళెంలో వేసేది. "నాకు నోరు చేదుగా ఉండాది, నువ్వు తిను" అనేది. నేను తినేదాన్ని. ఆకలి ఎవరి నోరు చేదో చూడదు.

గురువారం గుడ్డ మసి మాదిరి నల్లబడసాగింది. చెప్పాలంటే నాకు భయమేసేది. "ఎట్లుండాది పాపా?" అని జేజి రెండుసార్లు అడిగితే గానీ చెప్పేదాన్ని కాదు. నలుపంతా పోగొడితే అమ్మ జ్వరం కూడా పోతుందని ఒక పిచ్చి నమ్మకం పట్టుకుంది నాకు. గురువారం దాకా ఆగకుండా మధ్యలో కూడా అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని, "తీసియ్యమ్మా, కడుగుతా" అని సతాయించేదాన్ని. వేళ్ళు ఒరుసుకుపోయేటట్టు తోమేదాన్ని. పక్కూరి కాంపౌండరు సూది వేసి, ఎర్రమందు సీసా ఇచ్చి, అనంతపురం పోయి రొమ్ము ఫొటో తీయించమన్నాడు. అమ్మ ఇంటికొచ్చి జేజికి ఆ సంగతి చెబుతూ, "ఫొటో దిగే మొగమా అత్తా ఇది?" అని నవ్వింది. దగ్గు వచ్చి ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

మాకు రెండెద్దులు. వాటికి మేత లేదు. కొట్టం మీది పాత బోద ఊడబీకి మేపాడు నాయన. అంటే మా ఎద్దులు వాటి కప్పును అవే తిన్నాయి. ఊళ్ళో చాలామంది ఎద్దుల్ని సంతకు తోలేశారు. వాటిని కొనేది సేద్యగాళ్ళు కాదని అందరికీ తెలుసు. నాయన మాత్రం తోలలేదు. రాత్రిపూట తిండి మానేసి వాటి పక్కన కూర్చునేవాడు.

అట్లాంటి రోజుల్లో ఒకనాడు అమ్మ గొలుసులు రెండూ విప్పి నాయన చేతిలో పెట్టింది.

"మర వదులైంది. యాడన్నా జారి పడిపోతాది. ధర్మవరం పోతాండావు గదా, అతికించుకోని రాపో."

నాయన సాయంత్రానికి వచ్చాడు. గొలుసులు ధగధగ మెరుస్తున్నాయి. "మర అతికించి, మెరుగు గూడా పెట్టించినా, చప్పుడు రవ్వంత మారింటాది" అన్నాడు జేజికి వినబడేటట్టు. మరునాడు మా ఇంటి ముందు వరిగడ్డి బండి ఆగింది. కాలవ నీళ్ళున్న సీమ నుంచి వచ్చిన గడ్డి. ఆ వాసన! వాన పడ్డట్టు, అన్నం ఉడికినట్టు ఉండింది. నేను గడ్డి వామి మీదెక్కి దొర్లి, ఒళ్ళంతా దురదలు తెచ్చుకున్నాను. ఎద్దులు మెడలు సాచి తింటుంటే నాయన వాటి గంగడోలు నిమురుతూ నిలబడ్డాడు. నా వైపు చూడలేదు. ఆ గడ్డి ఎక్కడిదని అడిగే తెలివి నాకు లేదు.

ఆ గురువారం గుడ్డకు నలుపు అంటలేదు.

మెరుగు పెట్టించారు కదా అనుకున్నాం. మరుసటి గురువారమూ అంటలేదు. ఆ పై వారం కూడా. నేను గుడ్డ తిప్పి తిప్పి చూసుకుని, పడసాలలోకి పరుగెత్తాను.

"జేజీ! తెల్లగుండాది! గుడ్డ తెల్లగుండాది!"

"బాగ చూసినావా? లంకెల సందుల్లో గూడా?"

"అంతా చూసినా జేజీ. పీచు పెట్టి తోమినా."

జేజి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. "ఉడుకు దిగింది తల్లీ. నా కోడలు బతికింది." ఆ రోజే ఉట్టి మీది బెల్లం మొత్తం దింపించి ఓళిగలు చేయించింది. కరువు రోజుల్లో ఓళిగల వాసన వస్తే పక్కింటివాళ్ళు గోడ మీదుగా తొంగిచూశారు. అమ్మ పొయ్యి ముందు కూర్చుని చేసింది. చెమటలు కారుతున్నాయి. ఒక ఓళిగలో అంచు తుంచి నోట్లో వేసుకుని, మిగతాది నాకే పెట్టింది. నేను నెయ్యి కావాలని మారాం చేశాను కూడా.

అమ్మ చిక్కిపోతూనే ఉంది. అది నాకు కనబడలేదా అంటే, కనబడింది. కానీ కరువులో అందరూ చిక్కేవాళ్ళే. మనిషి ఎట్లా ఉన్నా వెండి చెబుతోంది కదా. ఒకసారి గొలుసులు తీసినప్పుడు అమ్మ కాలిమడమల పైన చుట్టూతా పచ్చటి మరక కనబడింది. ఇదేంటని అడిగాను. అమ్మ గబుక్కున చీర కుచ్చిళ్ళు జార్చుకుంది.

"ఆకుపసురు పూసుకున్నాలే, కాళ్ళు నొప్పులని. జేజికి చెప్పొద్దు, మల్లా దిష్టి గిష్టి అని మొదలు పెడతాది."

చెప్పలేదు. అమ్మ నాకొక గుట్టు చెప్పిందని మురిసిపోయాను.

పామిడిలో బట్టలు కుట్టే మా మామ, అమ్మకు తమ్ముడు, ఎవరి ద్వారానో సంగతి తెలిసి వచ్చాడు. సంచి నిండా బొరుగులు, నాకు బొమ్మలు కుట్టుకోవడానికి కత్తిరింపు ముక్కలు. గుమ్మంలో అమ్మను చూసి సంచి కింద పెట్టడం కూడా మరిచిపోయాడు.

"ఏందక్కా ఇట్లయిపోయినావు? రేపొద్దున మొదటి బస్సుకు నా ఎంబడి రా. పెద్దాసుపత్రిలో చూపిస్తా. బావా, నువ్వన్నా చెప్పు."

నాయన పలుపు పేనుతూ తల ఎత్తలేదు.

"నాకేమైందిరా? కరువులో లావెక్కినోళ్ళు ఎవురుండారు? నీ పెండ్లాం ఎక్కిందా?" అంది అమ్మ.

"నవ్వులాట గాదక్కా. నిన్ను తీసుకోకుండా నేను పోను."

మామ మొండి మనిషి. అమ్మకది తెలుసు. నన్ను పిలిచింది.

"పాపా, ఇట్ల రా. గొలుసులు కడిగి మీ మామకు చూపీ."

ఆ రోజు గురువారం కాదు. అయినా నేను ఎగిరి గంతేసి గిన్నె తెచ్చాను. మామ ముందరే కుంకుడు నురగ లేపి, తోమి, విభూతి అద్ది, మామ తెచ్చిన ముక్కల్లోనే ఒక తెల్లటిది తీసి రుద్దాను. వాళ్ళ అంగడి గుడ్డ కాబట్టి అనుమానానికి తావుండదని నా తెలివి.

"చూడు మామా, నలుపు రవ్వంత గూడా లేదు. ముందర ఎట్లుండేదో తెల్సా? మసి! ఇప్పుడు అమ్మకు ఉడుకంతా పోయింది. నేనే కదా వారం వారం కడిగేది, నాకు తెల్సు."

"పిల్లోళ్ళు అబద్ధం చెప్పరు నాయనా. నేను అడుగుతానే ఉండా, పాప చెప్తానే ఉండాది. ఇప్పుడిప్పుడే తేరుకుంటాండాది నీ అక్క" అంది జేజి మూల నుంచి.

మామ ఆ గుడ్డను రెండు వైపులా తిప్పి చూశాడు. అతనూ ఆ నేల మీద పుట్టినవాడే. అతని తల్లి కూడా అతని మొలతాడు చూసే దిష్టి తీసి ఉంటుంది. మొహంలో బిగువు సడలింది. "సరేలే అక్కా. చవితికి వస్తా. అప్పటికీ ఇట్లే ఉంటే ఈడ్చుకోనన్నా పోతా" అన్నాడు. పొద్దున్నే ఒక్కడే బస్సెక్కాడు.

మామ వెళ్ళాక అమ్మ నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. వేడిగా ఉంది ఆ ఒడి. "శానా బాగ చెప్పినావు పాపా" అని నా తల నిమిరింది. చాలాసేపు నిమిరింది. ఆ రోజంతా నేను నేల మీద నడవలేదు.

చవితి రాకముందే వాన వచ్చింది. రాక రాక వచ్చి ఊరంతా పచ్చిమట్టి వాసన చేసింది. గడ్డి తిని నిలబడ్డ ఎద్దులకు నాయన గొర్రు కట్టాడు. ఊళ్ళో ముందు విత్తనం వేసింది మేమే. ఆ వారంలోనే, చినుకులు పడుతుండగా, అమ్మ పోయింది.

ఆడవాళ్ళు అమ్మకు నీళ్ళు పోసి, పసుపు రాశారు. గొలుసులు తీయబోతే జేజి వాళ్ళను పక్కకు తోసింది. "పుణ్యస్త్రీగా పోతాంది నా కోడలు. నేనే తీసి పాపకిస్తా" అంది. తడుముతూ మర విప్పి, ఒక గొలుసు అరచేతిలో పెట్టుకుంది. ఏడుపు ఆపేసింది. చేతిలో ఎగరేసి పట్టుకుంది. వాసన చూసింది. నాలుకకు ఆనించి, తుపుక్కున ఉమ్మేసింది.

"ఇవి నేను పెట్టినవి గావు."

నాయన ఉన్న వైపు మొహం తిప్పింది.

"ఒరే, నా గొలుసులు ఏం చేసినావురా? నా కోడలి కాళ్ళకు ఏం తగిలించినావురా?"

నాయన గుంజ పట్టుకుని నిలబడ్డాడు.  "జర్మన్‌వి మాదిరుండాయి పెద్దమ్మా, వెండి గాదు. ఇవి నల్లబడవు" అంది పక్కింటామె మెల్లగా. ఆ మాట నేను వినడం అదే మొదలు. జర్మన్ అంటే ధర్మవరం పక్కన ఏదో ఊరనుకున్నాను. కానీ "నల్లబడవు" అన్నది మాత్రం బాగా అర్థమైంది. నేను చూసిన తెలుపు అమ్మది కాదని, ఆ లోహానిదని. పసుపు రాసిన ఆ కాళ్ళ మీద పచ్చటి మరక ఇంకా ఉంది. అది ఆకుపసురు కాదు.

మధ్యాహ్నానికి మామ వచ్చాడు. విషయం విన్నాడు. నాయన గల్లా పట్టుకుంటాడనుకున్నాను, పట్టుకోలేదు. నా వైపు చూశాడు. అంతమందిలో, నా ఒక్కదాని వైపే చూశాడు. ఆ తర్వాత మామ మా ఇంటి గడప తొక్కలేదు.

జేజి మరి ఎప్పుడూ నన్ను గుడ్డ రంగు అడగలేదు. అడగడానికి ఇంట్లో వెండీ లేదు. ఒకసారి నేనే ఉక్రోషంగా, "వెండి అబద్ధం చెప్పదంటివే" అన్నాను. "వెండి యాడ చెప్పింది పాపా? మనుషులు చెప్పినారు" అంది.

మనుషులు అంటే మా నాయన అనే అనుకున్నాను. గడ్డి కోసం గొలుసులు అమ్ముకున్నాడు, నన్ను మోసం చేశాడు, నా నోటితో మామను వెనక్కి పంపించాడు. నాయనతో మాటలు తగ్గించేశాను. ఎద్దులకు కుడితి పెట్టమంటే పెట్టేదాన్ని కాదు. అవి నా వైపు మెడ సాచితే పక్కకు తప్పుకునేదాన్ని. వాటితో దున్నిన చేలో పండిన చెనక్కాయలు మాత్రం తిన్నాను. తినక ఎక్కడికి పోతాను? ఆయన ఏనాడూ నన్ను కోప్పడలేదు. ఒక్క మాట చెప్పుకోలేదు. ఆ మౌనం చూసి, తప్పు చేసినవాడు ఇంకేం మాట్లాడతాడులే అని నాకు ఇంకా ఒళ్ళు మండేది.

నాకు పెళ్ళై పిల్లలు పుట్టాక నాయన ఒకసారి మా ఇంటికి వచ్చి కొన్నాళ్ళు ఉన్నాడు. ఒక పొద్దున ఇద్దరం అరుగు మీద కూర్చుని చెనక్కాయలు ఒలుస్తున్నాం. పక్కన నా కూతురు తన పట్టీలతో ఆడుకుంటోంది. ఏం పుట్టిందో, ఉన్నట్టుండి అడిగేశాను.

"ఎందుకు చేసినావు నాయనా అట్ల?"

ఏది అని అడగలేదు ఆయన. ఒలుస్తున్న కాయ చేతిలోనే ఉంచుకున్నాడు.

"అమ్ముకోనొచ్చింది నేనే. అమ్మమని ఇచ్చింది మీయమ్మ. ఆసుపత్రికి పోవాలంటే ఎద్దులమ్మాల. ఎద్దులు పోతే సేద్యం పోతాది, పాపకు కూడు పోతాదని ఒకటే మాట. నేను ఒట్టి కాళ్ళతో ఉండు అంటే, వద్దు, అత్త అడుగుతాది, జర్మన్‌వి తెచ్చి తగిలియ్యి, పాప కడిగినప్పుడు నలుపు రాకూడదు అనింది."

"నలుపు రాకూడదు అనిందా?"

"మా తమ్ముడొస్తాడు, వాడు ఎవురు చెప్పినా వినడు, పాప చెప్తే నమ్ముతాడు అనింది. పాపకు అబద్ధం రాదు గదా అనింది."

చేతిలో కాయ ఒలిచి పక్కన పెట్టి, మళ్ళీ ఆయనే అన్నాడు. "అవి జర్మన్‌వని నాకు తెల్సు. తెచ్చిందే నేను. అయినా నువ్వు తెల్లగుండాయని ఎగురుకుంటా వస్తే, నాకు గూడా మీయమ్మకు బాగైనట్టే ఉండేదమ్మా."

నేను లేచి లోపలికి పోయాను. పొయ్యి మీద ఏమీ లేదు, ఊరికే దాని ముందు నిలబడ్డాను. అన్నేళ్ళు నాయన మీద పెట్టుకున్న కోపాన్ని ఇప్పుడు ఎవరి మీద పెట్టాలి? ఫొటో కూడా లేని మనిషి మీదనా? నా కూటి కోసమేనట. నాకు కూడు కావాలో అమ్మ కావాలో నన్ను అడిగిందా? అడిగితే ఏం చెబుతానో తెలుసు కాబట్టే అడగలేదు. త్యాగమంటారు విన్నవాళ్ళు. అననీ. నిజం చెప్పే బిడ్డ ఒకతి ఇంట్లో ఉందని చూసుకుని, ఆ నిజం చేతికి అబద్ధం ఇచ్చి, సొంత తమ్ముడి ముందు నిలబెట్టింది. పైగా తల నిమిరింది. ఆ తల ఇప్పుడు పూర్తిగా నెరిసింది, అమ్మ బతికిన ఏళ్ళకు రెట్టింపు బతికాను, కానీ ఆ చెయ్యి గుర్తొస్తే ఇప్పటికీ ఏడవాలో తిట్టాలో తెలియదు.

నమ్మించి గొంతు కోసేవాళ్ళు లోకంలో కొల్లలు. నన్ను నమ్మి గొంతు కోసింది మా అమ్మ ఒక్కతే.